మా పది ఫ్లాట్లు, పిన్నిగారి బాత్రూం

పోయిన జూలైలో విజయవాడ సత్యనారాయణపురం నుంచి మా పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "ఏరా, వాన పడితే చాలు, మీ పైవాళ్లు వదిలిన నీళ్లన్నీ మా బాత్రూంలో పైకి తంతున్నాయిరా. రెండు రోజులుగా చెల్లెలింటికి వెళ్లి స్నానం చేసొస్తున్నా" అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి.

"మీ పైవాళ్లు" అన్న మాట నన్ను వదల్లేదు. మా నాన్నగారి పెంకుటిల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చింది నేనే. ఆరుగురం ఉన్న చోట ఇప్పుడు పది ఫ్లాట్లు, నలభై మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అని ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్కన మా స్థలం నుంచి ఒకప్పుడు 650 లీటర్లు పోయేవి, ఇప్పుడు 4,300 పోతున్నాయి. వీధిలో పైపు మాత్రం పాతదే. వానొచ్చి సైడు కాలువ నిండితే ఆ నీళ్లూ మ్యాన్‌హోల్‌లోకే దిగుతాయి. వీధి మొత్తంలో పల్లంలో ఉన్నది పిన్నిగారి ఇల్లే.

పైపులు ఎవరు మార్చాలంటే మనవాళ్లం వెంటనే గవర్నమెంటు అంటాం. గవర్నమెంటు ఇవ్వలేదని కాదు. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకంలో పది లక్షలు దాటి నలభై లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం ఇచ్చాయి. విజయవాడ కూడా ఆ జాబితాలో ఉంది. కానీ అలాంటి డబ్బు కొత్త పైపు వేయడానికి వస్తుంది. ఏటేటా సిల్ట్ తీయడానికి, పగిలిన చోట మార్చడానికి, పంపింగ్ స్టేషన్ నడపడానికి ఖర్చు ఊరే పెట్టుకోవాలి.

ఊరు పెట్టుకోకపోతే ఆ ఖర్చు ఇంకొకరి మీద పడుతుంది. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీటి పైపుల్లోకి మురుగు చేరి డయేరియా ప్రబలింది, ప్రాణాలు పోయాయి. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. 2023లో సుప్రీంకోర్టు, అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. పూడుకుపోయిన పైపుకు అసలు వెల చెల్లించింది ఆ కుటుంబాలు. ఈ వాక్యం రాస్తుంటే నాకు చేతులు ఆడటం లేదు.

మేం శివార్లలో ఉండే అమెరికాలోని అట్లాంటా నగరంలోనూ మురుగు పైపులు వందేళ్ల నాటివి. నదిలోకి మురుగు వదులుతున్నందుకు నగరం మీద కేసు పడింది. 2002లో మేయరైన షర్లీ ఫ్రాంక్లిన్ నీటి బిల్లులు బాగా పెంచారు, తనను తాను "మురుగు మేయర్" అని చెప్పుకున్నారు. 2004 నుంచి ఆ నగరంలో కొనే వస్తువుల మీద ఒక శాతం పన్ను నీటి, మురుగు పనులకే పోతోంది. 2024లో కూడా ప్రజలు ఓటేసి దాన్ని కొనసాగించారు. మన సంఘం వాళ్లం శివారు ఊరైన ఆల్ఫరెట్టాలో ఉంటూ, అట్లాంటాలో ఏదైనా కొంటే ఆ పన్ను కడుతున్నాం. ఎవరం గొడవ చేయలేదు.

విజయవాడలో ఇంటిపన్ను పెరిగితే మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ పడిపోతాం. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పన్ను ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. నేను దాన్ని సమర్థిస్తాను. గజం ధర పెరిగినప్పుడు లాభం పొందింది ఓనర్లం. ఇంటికి ఇంత అని అందరికీ సమానంగా వేస్తే కొండ మీద రేకుల ఇంట్లో ఉండే వాళ్లూ, మూడు ఫ్లాట్లున్న నేనూ ఒకటే కట్టాలి. అది అన్యాయం. కొత్త అపార్ట్‌మెంట్‌కి ప్లాన్ ఇచ్చేటప్పుడే వీధి పైపు పెంచే ఖర్చులో వాటా వసూలు చేయాలి. అద్దెకున్నవాళ్ల మీద మనం ఆ భారం తోసేయకూడదు. కార్పొరేషన్ కూడా డ్రైనేజీ పన్నును విడి ఖాతాలో ఉంచి, ఏ వీధిలో ఎంత పెట్టిందో వార్డు సచివాలయంలో బోర్డు మీద రాయాలి. అది అడిగే హక్కు బకాయి లేనివాళ్లకే గట్టిగా ఉంటుంది. నాకు రెండేళ్ల బకాయి ఉండేది. ఫోన్ వచ్చిన రాత్రే కట్టేశాను.

డిసెంబర్‌లో వెళ్తున్నాను. మా చాంబర్ నుంచి వీధి మ్యాన్‌హోల్ దాకా పెద్ద పైపు వేయడానికి, పిన్నిగారి లైను మా లైనుతో కలవకుండా విడిగా తీయడానికి కార్పొరేషన్ అనుమతి అడుగుతాం. పది ఫ్లాట్లలో ఏడింటి ఓనర్లం ఖర్చుకు ఒప్పుకున్నాం. మిగతా మూడింటిలో రెండు మన సంఘం సభ్యులవే. ఈ వ్యాసం వాళ్లూ చదువుతారని రాస్తున్నాను.