రికార్డు కొనేది బీరువాలో దాచడానికి కాదు

ఈ నెలలో ఒకే సందేశం నాకు నాలుగుసార్లు వచ్చింది. బంధువుల వాట్సాప్ గుంపులో ఒకసారి, ఆఫీసు స్నేహితుల నుంచి రెండుసార్లు, చివరికి మా అక్క కొడుకు నుంచి. "అసలైన సంగీతం వినాలనుకునేవాళ్లు తప్పక చదవండి" అని మొదలవుతుంది. అందులో చెప్పేది ఇది: గ్రామఫోన్ రికార్డులో ధ్వని అఖండంగా ఉంటుంది, డిజిటల్‌లో ముక్కలైపోతుంది, కాబట్టి రికార్డే ఎప్పుడూ మేలు. కొంటే పాతవే కొనాలి, కొత్తగా అచ్చయ్యేవన్నీ మోసం. సీలు విప్పకుండా దాస్తే బంగారంలా ధర పెరుగుతుంది. ఇప్పుడు వస్తున్న పాటల్లో దాచుకోదగ్గది ఏదీ లేదు, తెలుగువాళ్లకైతే సినిమా పాట తప్ప వేరే సంగీతమే లేదు.

చెన్నైలో ఇరవై రెండేళ్లుగా రికార్డులు పోగేస్తున్నాను. సాలిగ్రామంలో మా ముందుగది గోడ ఒకటి పూర్తిగా వాటికే పోయింది. పైకి చూస్తే ఈ సందేశం రాసినవారు నా పక్షమే. అయినా ఇందులో ఒక్క మాటా నిలిచేది కాదు. పైగా మా అక్క కొడుకు, మా ఊరి పిల్లల బ్యాండు వేసిన కొత్త ఎల్‌పీ రికార్డు కొని, ఆ సీలు మాట నమ్మి ప్లాస్టిక్ పొర కూడా విప్పకుండా బట్టల మధ్య పెట్టాడు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ముందు ఆ మెట్ల బొమ్మ సంగతి. సందేశంతో పాటు ఒక చిత్రం తిరుగుతోంది. పైన నునుపైన అల, దానికి రికార్డు అని పేరు. కింద మెట్లు మెట్లుగా విరిగిన అల, దానికి డిజిటల్ అని పేరు. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఆ కొలతల మధ్య ఖాళీల్లోంచి సంగీతం జారిపోతుందని చిత్రం చెబుతోంది. జారిపోదు. కొలిచే వేగంలో సగానికి లోపలున్న కంపనాలన్నీ, అంటే సీడీ విషయంలో సెకనుకు 22,050 దాకా, ఆ చుక్కల నుంచి పూర్తిగా తిరిగి వస్తాయి. ఆ హద్దులో ఉంటూ ఆ చుక్కలన్నిటినీ తాకుతూ పోగల అల ఒక్కటే ఉంటుంది, ప్లేయరు దాన్నే తిరిగి గీస్తుంది. స్పీకరు దాకా మెట్లు రావు. ఇది గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో ఉంది. సీడీ మార్కెట్లోకి వచ్చింది 1982లో. మన చెవి వినేది మహా అయితే ఇరవై వేల దాకా, వయసు పెరిగేకొద్దీ అంత కూడా కాదు.

పోనీ, రికార్డులో ధ్వని ఉన్నది ఉన్నట్టుగా ఉంటుందా? అదీ లేదు. గాడి కోసేటప్పుడు మంద్రస్వరాల బలం తగ్గిస్తారు, తారస్వరాల బలం పెంచుతారు. లేకపోతే మృదంగం దెబ్బకు గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది. వినేటప్పుడు ఆంప్లిఫయరు దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954 నుంచి ఇదే పద్ధతి. బాగా కింది స్వరాలను ఎడమకీ కుడికీ పంచకుండా మధ్యలోకి తెస్తారు, ముల్లు ఎగిరిపడకుండా. ఇవన్నీ తెలివైన సర్దుబాట్లు, ఆ తెలివంటే నాకు ఎంతో గౌరవం. కానీ వీటిని దాచిపెట్టి అఖండం అనడం అబద్ధం.

రికార్డు ఉన్నవారెవరైనా ఇంట్లో చేసి చూడగల పరీక్ష ఒకటి చెబుతాను. స్త్రీ గాత్రం ఉన్న ఎల్‌పీ తీయండి. ఒక వైపు మొదటి పాట వినండి, తర్వాత అదే వైపు చివరి పాట వినండి. 'స', 'శ', 'ష' వచ్చిన చోటల్లా చెవి పెట్టండి. మొదటి పాటలో అవి శుభ్రంగా పలుకుతాయి. చివరి పాటలో అంచు చిరిగినట్టు, ఉమ్మి తగిలినట్టు వినిపిస్తాయి. ఎందుకంటే పళ్లెం నిమిషానికి ముప్పై మూడూ ఒకటి బై మూడు చుట్లే తిరుగుతుంది, వలయం మాత్రం లోపలికి పోయేకొద్దీ చిన్నదవుతుంది. బయటి గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగితే, మధ్యలో అంటించిన లేబుల్ దగ్గరి గాడి 21 సెంటీమీటర్లే సాగుతుంది. అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ స్థలంలో ఇరికించాలి. తెలుగులో ఈ స, శ, షలు ఎన్నిసార్లు వస్తాయో తెలిసినవారికి ఈ బాధ ఎక్కువ. నా దగ్గరున్న ఒక పాత భక్తిగీతాల ఎల్‌పీలో చివరి పాట నిండా 'శివ' శబ్దమే, అది విన్నప్పుడల్లా గాయని మీద జాలి వేస్తుంది.

ఒక్కోసారి మాత్రం రికార్డే బాగా వినిపిస్తుంది, నేనూ విన్నాను. 1990ల తర్వాత చాలా సీడీలను చెవులు హోరెత్తేలా మాస్టరింగ్ (అచ్చుకు ముందు ధ్వనిని చివరిసారి సర్దడం) చేశారు. మెల్లనిదీ గట్టిదీ ఒకే ఎత్తుకు లాగేశారు. అదే పాటను రికార్డు కోసం వేరే ఇంజనీరు నెమ్మదిగా, ఊపిరాడేలా చేసి ఉంటే అది నచ్చడం సహజం. అక్కడ గెలిచింది ఆ ఇంజనీరు చేతిపని. అదే పనిని సీడీలోకి ఎక్కించినా అలాగే వినిపిస్తుంది. 2022లో అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ విషయం బయటపడింది కదా. మాస్టర్ టేపు, అంటే అసలు రికార్డింగు టేపు నుంచి నేరుగా వచ్చినవని నమ్మి కొన్న దాని ఖరీదైన రికార్డుల్లో చాలావాటికి మధ్యలో ఒక డిజిటల్ దశ ఉందని ఇంజనీర్లే ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి వాటిని మెచ్చుకున్నవారిలో దాదాపు ఎవరూ ఆ దశను పట్టుకోలేదు.

180 గ్రాముల రికార్డు అయితేనే మంచి ధ్వని అని కూడా సందేశంలో ఒక వాక్యం ఉంది. గాడి లోతు 130 గ్రాములదానిలోనూ అంతే. బరువైనది చేతికి నిండుగా ఉంటుంది, దానికే ఎక్కువ డబ్బు ఇస్తున్నాం.

'పాతవే కొనండి' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. పాత రికార్డుల మీద నా ప్రేమ తక్కువది కాదు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక ఆ వ్యాపారులు కొందరు పక్కనే అల్లికుళం కాంప్లెక్సుకు వెళ్లారు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఆ ఇరుకు దుకాణాల మధ్య నా ఆదివారాలు ఎన్ని గడిచాయో లెక్కలేదు. తెలుగు సినిమా దశాబ్దాల పాటు ఇక్కడే తయారైంది కనుక, తెలుగు రికార్డులు ఇప్పటికీ ఇక్కడ దొరుకుతుంటాయి. కానీ ఒకటి నేర్చుకున్నాను. పైకి అద్దంలా మెరిసే రికార్డు లోపల అరిగిపోయి ఉండవచ్చు. ఆ రోజుల సూట్‌కేసు ప్లేయర్లలో ముల్లు ఐదారు గ్రాముల బరువుతో కూర్చునేది. ఇప్పటి మంచి ముల్లుకు రెండు గ్రాములు చాలు. మొండి ముల్లు కింద వందసార్లు తిరిగిన గాడి గోడలు నలిగిపోతాయి, ఆ నలుగుడు కంటికి కనబడదు. అందుకే దుకాణంలో వేసి వినిపించనిదే నేను కొనను. మొదటి ముద్రణ అన్న ఒక్క మాటకు మూడింతలు చెల్లించి, ఇంటికొచ్చాక చిటపటలు మాత్రమే విన్న కుర్రాళ్లను చూశాను. అదే పాటకు శుభ్రంగా చేసిన కొత్త ముద్రణ సగం ధరకు పక్కనే ఉంది.

ఇక బంగారం పోలిక. 2015 డిసెంబరులో మేం జాఫర్‌ఖాన్‌పేటలో కింది అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. అడయారు పొంగి రాత్రికి రాత్రే నడుము ఎత్తు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. మూడు రోజుల తర్వాత తలుపు తీస్తే కింది రెండు అరల్లో ఉన్న రికార్డులన్నీ బురద ముద్దలు. అట్టలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, చేత్తో లాగితే పేలికలై వచ్చాయి. లేబుళ్ల రంగు కారిపోయింది. నేనూ మా ఆవిడా వారం పాటు మేడమీద కూర్చుని, బకెట్ల నీళ్లలో చుక్క సబ్బు వేసి, మెత్తని గుడ్డతో గాడి పోయిన దారినే తుడుస్తూ, చివర బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టాం. లక్కతో చేసిన 78లను (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులను) విడిగా పెట్టాం, వాటికి స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి. మొత్తం మీద ఎనభైకి పైగా ఎల్‌పీలు కడిగాం. అమ్మకానికి పెడితే వాటికి ఇప్పుడు ఎవరూ పైసా ఇవ్వరు. అట్ట లేని, పేరు చెరిగిన రికార్డుకు సంతలో విలువ లేదు. కానీ దాదాపు అన్నీ మోగుతాయి. తెల్ల కాగితం సంచుల్లో, పెన్సిలుతో పేర్లు రాసుకుని, ఇప్పటికీ వింటున్నాను.

వరద రాకపోయినా చెన్నై గాలి ఉంది. ఆ ఉప్పుచెమ్మకు అట్టల మీద బూజు వస్తుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో గంట వదిలేస్తే రికార్డు వంకర పోతుంది. సీలు విప్పకుండా ఉంచితే భద్రం అనుకుంటారు, అది ఇంకా ప్రమాదం. ఆ పలచని పొర వేడికి బిగుసుకుంటూ పోయి అట్టను వంచుతుంది, అట్టతో పాటు లోపలి రికార్డును కూడా. ధర పెరుగుతుందని ఎదురుచూస్తున్న పాట మళ్లీ ముద్రణకు వస్తే ఆ ధర ఒక్క రోజులో దిగుతుంది. నగను తాకట్టు పెట్టినట్టు దీన్ని పెట్టలేం.

అమెరికాలో రికార్డులు సీడీలను దాటేశాయి కాబట్టి పై మాటలన్నీ రుజువైనట్టేనని కూడా సందేశం అంటుంది. 2022లో అక్కడ 4 కోట్ల 10 లక్షల రికార్డులు, 3 కోట్ల 30 లక్షల సీడీలు అమ్ముడైన మాట నిజం. అదే ఏడాది అక్కడి సంగీత ఆదాయంలో 84 శాతం స్ట్రీమింగ్ నుంచే వచ్చింది. రికార్డు కొన్నవారిలో ప్లేయరు ఉన్నవారు సగం మందేనని లూమినేట్ సంస్థ 2023లో తేల్చింది. మిగతా సగం మంది మా అక్క కొడుకు లాంటివాళ్లు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది చివరి మాట, తెలుగువాళ్లకు సినిమా పాట తప్ప వేరే సంగీతం లేదన్నది. ఇదే మద్రాసులో కూర్చుని ఆ మాట అనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు తెలియదు. ఇక్కడ ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది, తెలుగు లలితగీతం దాని ద్వారా గాలిలో వినిపించింది. గేయకర్త, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు ఇక్కడే పనిచేశారు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలితగీతాలు ఏ సినిమాలోవీ కావు, గ్రామఫోన్ కోసమే పాడినవి. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల రికార్డుకు పాడితే అవి ఊరూరా మోగాయి. వీటిని మన పెద్దలు 'ప్రైవేటు పాటలు' అనేవారు, పాత రికార్డులు అమ్మేవాళ్లు ఇప్పటికీ అలాగే అడుగుతారు: "సినిమావా, ప్రైవేటా సార్?" వాటిని వేసినవి పెద్ద కంపెనీలే కనుక నేటి అర్థంలో ఇది స్వతంత్ర సంగీతం కాదు, అది ఒప్పుకోవాలి. అయినా దర్శకుడు, సన్నివేశం, కథానాయకుడు అడగని పాట మనకు ఎనభై ఏళ్లకు ముందే ఉంది.

ఇప్పుడూ ఉంది. హైదరాబాదు నుంచి చౌరస్తా బ్యాండు తెలుగు మాటలతో, జానపదపు ఊపుతో వచ్చింది, ఆ గొంతును సినిమావాళ్లే తర్వాత వెతుక్కుంటూ వెళ్లారు. ఈ నగరంలోనే 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం చెన్నై బస్తీల గానా పాటనూ, పఱై అనే డప్పునూ రాక్‌తో కలిపి మొదటి కచేరీ చేసింది. భాష తమిళం, కానీ అది విన్న తెలుగువాడు ఎవరైనా మన దళిత గీతాల డప్పును గుర్తుపడతాడు. ఎఫ్16స్ అనే ఇక్కడి బ్యాండు కుర్రాళ్లు ఇంగ్లీషులో పాడినా వాళ్ల పాటల్లో ఈ ఊరి ఉక్కపోత ఉంది. కొత్తగా వచ్చే ప్రతిదీ గొప్పదని అనను. చాలా ఆల్బమ్‌లు ఐదో పాట దగ్గరే అలసిపోతాయి, గిటారు మీద ప్రతిధ్వని ఎక్కువ పోసి మాటల బలహీనతను కప్పుతున్నారు. నచ్చనప్పుడు ఆ మాట చెబుతాను. కానీ అది చెప్పడానికి మూడుసార్లు విని ఉండాలి. వినకుండా కొట్టిపారేయడం మాత్రం ఆ పిల్లల కష్టాన్ని అవమానించడమే.

పాత రికార్డు కొనడమే సంగీతసేవ అని కూడా ఆ సందేశంలో ఉంది. అల్లికుళంలో నేనిచ్చిన డబ్బు దుకాణదారుడికి చేరుతుంది, అతనికి అది న్యాయమే, గాయనికి మాత్రం చేరదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ ఒక్క పైసా రాదు, చిన్న బ్యాండ్ల పాటల్లో చాలావాటి గతి అదే. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో కొంటే, సైటు తీసుకునే వాటా డిజిటల్ మీద 15 శాతం, వస్తువు మీద 10 శాతం, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది పాడినవారిదే. అంతకన్నా మంచి దారి, కచేరీ అయ్యాక వాళ్ల చేతి నుంచే కొనడం. మా అక్క కొడుకు కొన్నది అలాగే. ఓ మేడమీద నలభై మంది ముందు పాడి, చివర బేస్ గిటారు వాయించిన అమ్మాయి అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చింది.

పోయిన ఆదివారం దాన్ని తీసుకుని రమ్మన్నాను. "విప్పితే విలువ పోదా మామయ్యా?" అని గుమ్మంలోనే అడిగాడు. అట్ట ఒక మూల అప్పటికే వంగి ఉంది. గోటితో పొర చీల్చింది వాడే. లోపల చేత్తో రాసిన పాటల కాగితం ఉంది, కింద నలుగురి సంతకాలు. ఫోనులో ఈ ఆల్బమ్‌ను వాడు చాలాసార్లు విన్నాడు, క్రమం కంఠస్థం. రెండో వైపు చివరికి వచ్చేసరికి ఆశ్చర్యపోయాడు. ఫోనులో మూడోదిగా వచ్చే పాట ఇక్కడ ఆఖరున ఉంది. అందులో గాత్రం లేదు. నెమ్మదిగా ఒక గిటారు, దాని వెనక ఇంకా నెమ్మదిగా వీణ. లేబుల్‌కు అంగుళం దూరంలో, ఆ ఇరుకు గాడుల్లో, ఒక్క 'శ' కూడా లేకుండా, ఏ చిరుగూ లేకుండా మోగింది.