వ్యాక్స్ ప్రింట్ ఆఫ్రికాది కాదంటే ఎలా?

ముదురు రంగులు, పెద్ద పెద్ద డిజైన్లతో ఉండే ఆఫ్రికా బట్ట, అంటే వ్యాక్స్ ప్రింట్, గురించి ఒక వాదన బాగా షేర్ అవుతోంది: "అది అసలు ఆఫ్రికాదే కాదు. ఇండోనేషియాలోని జావాలో మైనం అద్ది రంగులేసే బాతిక్ బట్టను చూసి డచ్చివాళ్ళు అచ్చేసిన సరుకు. కాబట్టి ఫ్యాషన్ కంపెనీలు దాన్ని ఎలా వాడుకున్నా అడిగే హక్కు ఆఫ్రికన్లకు లేదు." ఇందులో మొదటి సగం నిజమే. దాన్ని చూపించి రెండో సగాన్ని కూడా ఒప్పించేస్తున్నారు.

"డచ్చివాళ్ళే తయారుచేశారు." అవును. ఈ బట్టకు పేరుపడ్డ వ్లిస్కో కంపెనీ 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో మొదలైంది. బాతిక్‌ను మిషన్ మీద చవగ్గా తయారుచేసి జావా వాళ్ళకే అమ్మాలని డచ్చి వ్యాపారులు చూశారు. అక్కడ అనుకున్నంత గిరాకీ రాలేదు. 19వ శతాబ్దం చివరికల్లా గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘానాలో, ఆ బట్ట నిలదొక్కుకుంది.

"మరి ఆఫ్రికా వాళ్ళు చేసిందేముంది? కొనడమేగా!" నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. టోగో రాజధాని లోమేలో ఈ బట్టల హోల్‌సేల్ వ్యాపారాన్ని ఆడవాళ్ళే నడిపారు. మెర్సిడెస్ బెంజ్ కార్లలో తిరిగేంత సంపాదించారు కాబట్టి వాళ్ళను నానా బెంజ్ అన్నారు. ఏ రంగు పోతుందో, ఏ డిజైన్ పోదో యూరప్ కంపెనీలకు చెప్పింది వాళ్ళే. ఫ్యాక్టరీలో డిజైన్‌కు ఉండేది నంబరే, పేరు పెట్టింది మార్కెట్. పంజరంలోంచి పక్షి ఎగిరిపోయే డిజైన్‌కు "నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా" అని పేరు. ఆ బట్ట కట్టుకున్న భార్య మొగుడికి ఏం చెబుతోందో వీధంతటికీ అర్థమవుతుంది. ఆ అర్థం హెల్మండ్‌లో పుట్టలేదు.

మన చీరాల సంగతే చూడండి. ఆ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు నైజీరియాలోని కలబారీ తెగవాళ్ళకు చేరాయి. వాళ్ళు అందులో కొన్ని దారాలు కోసి, లాగేసి, కొత్త నమూనాలు తీసి శుభకార్యాలకు కట్టుకుంటారు. నేసింది చీరాలలో కాబట్టి అది కలబారీల బట్ట కాదందామా?

"అయితే ఎవరైనా వాడుకోవచ్చు." వాడుకోవద్దని నేనూ అనను. 2017 అక్టోబరులో ప్యారిస్‌లో బ్రిటిష్ డిజైనర్ స్టెల్లా మెకార్ట్నీ ఈ ప్రింట్లతో చేసిన బట్టలు చూపించినప్పుడు చాలామంది ఆఫ్రికన్లకు కోపం వచ్చింది. ర్యాంప్ మీద ఎక్కువమంది తెల్లజాతి మోడల్సే. నైజీరియాలోని లాగోస్‌లో డిజైనర్ లీసా ఫొలావియో 2005 నుంచి ఇదే బట్ట మీద పూసలు, చమ్కీలు కుట్టి హై ఫ్యాషన్‌గా నిలబెడుతోంది. ఇంత పని ముందే జరిగి ఉండగా, ప్యారిస్ ర్యాంప్ ఎక్కాకే ఇది ఫ్యాషన్ అయినట్టు చూపిస్తే కోపం రాదా? ఎవరి డిజైన్, ఎవరి పేరు, డబ్బు ఎవరికి అని అడగడానికి బట్ట పుట్టిన ఊరితో పనిలేదు.

ఈ వాదనకు బలమిస్తున్న పొరపాటు ఇటువైపూ ఒకటుంది. వ్యాక్స్ ప్రింట్‌ను మొత్తం ఆఫ్రికా ప్రాచీన సంప్రదాయం అనేయడం. ఘానా కెంటే మగ్గం మీద నేసేది. నైజీరియాలోని యోరుబా తెగ ఆడవాళ్ళ ఆదిరే నీలిమందు అద్దకం. మాలీ బోగొలాన్‌కు రంగు బురదతో వేస్తారు. ఇవన్నీ వేర్వేరు చేతుల పనులు. వీటన్నిటికీ కలిపి "ఆఫ్రికన్ ప్రింట్" అని లేబుల్ తగిలించే షాపులను కూడా ఇదే గట్టిదనంతో నిలదీయాలి.