ఉన్నారో లేరో తేలని ఆమ్లజని గారికి

రొయ్యల చెరువు గట్టు,
భీమవరం అవతల,
రాత్రి రెండున్నర

అయ్యా ఆమ్లజని గారూ,

నమస్కారమండి. మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ పేరు చెప్పి నెలనెలా కరెంటుకి కడుతున్న డబ్బు లెక్కేసుకుంటే, ఇన్నేళ్ళలో ఒక్క ముక్కయినా రాయకపోవడం నా తప్పే అనిపించింది. రెండెకరాల చెరువు, చక్రాలు తిప్పి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఎనిమిది, ఒక డీజిల్ జనరేటరు, పైన మిమ్మల్ని కొలిచే మీటరు ఒకటి. ఇదంతా ఎవరి కోసమండీ? యాభై దాటిన ఈ బతుకులో ఒక్కసారి కూడా కంటితో చూడని తమరి కోసం. పిల్లనిచ్చేటప్పుడు కూడా పెళ్ళిచూపులని ఒకటుంటుంది. మీ విషయంలో అదీ లేదు.

ముందు మీ పేరు సంగతి. మా నాన్న చదివిన పుస్తకాల్లో మీరు ఆమ్లజని. మా నాటికి ఆక్సిజన్ అయ్యారు. ఇప్పుడు గట్టు మీద కుర్రాళ్ళు మిమ్మల్ని ‘డీవో’ (డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, అంటే నీళ్ళలో కరిగిన మీరు) అంటున్నారు, ‘డీవో పడిపోయిందండీ’ అని అర్ధరాత్రి ఫోన్లు. ఏ పేరుకీ మీరు పలకరనుకోండి. కానీ ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేదని కదా. ఫ్రాన్సులో లవోయిజర్ గారు, పులుపున్న ప్రతిదాంట్లోనూ మీరుంటారని నమ్మి గ్రీకు మాటలతో ఆ పేరు కట్టారు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ, ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో మీ జాడే లేదని తేల్చేశాడు. అంటే మీ పేరులోనే అబద్ధం ఉంది. మనవాళ్ళు ఆ అబద్ధాన్ని ఒక్క చుక్క ఒలక్కుండా సంస్కృతంలోకి మోసుకొచ్చారు. నా ఆధార్ కార్డులో ఒక్క అక్షరం తప్పు పడితే మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. తమరు రెండొందల ఏళ్ళుగా తప్పుడు పేరుతో తిరుగుతుంటే అడిగే నాథుడే లేడు.

ఈ మాటే మా బావమరిదితో అన్నాను. అతను విశాఖలో తత్వశాస్త్రం ఎమ్మే చేసి, ఉద్యోగం దొరక్క నా చెరువులో వాటాకి దిగాడు. ‘పేరు తప్పయితే మనిషి లేడనా బావగారూ? లక్ష్మీపతులందరికీ డబ్బుందా?’ అన్నాడు. పర్వాలేదు, మీ తరఫున మాట్లాడుతున్నాడు అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

‘అయినా ఆక్సిజన్ ఉందని ఎవరు చెప్పారండీ?’ అన్నాడు మరుక్షణంలో.

అప్పట్నించి నా రాత్రిళ్ళు ఇలా తయారయ్యాయి. అందరూ రొయ్యలకి కాపలా కాస్తారు. నేను మీ ఉనికికి కాపలా కాస్తున్నాను.

అతను చెప్పిన కథ మీకు తెలియంది కాదు. 1774 ఆగస్టు 1న జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లీషు ఫాదిరీ భూతద్దంతో ఎండని పట్టి ఎర్రటి పాదరస భస్మం మీద పెట్టాడు. మీరు బయటికొచ్చారు. ఆ గాలిలో కొవ్వొత్తి భగ్గున వెలిగింది. తర్వాత ఎలకని పెడితే, మామూలు గాలిలో కంటే ఎక్కువసేపు బతికింది. ఆయన స్వయంగా పీల్చి చూసి, గుండె తేలికైనట్టుందని రాసుకున్నాడు. ఇంతా చేసి మిమ్మల్ని ఏమన్నాడు? ‘ఫ్లోజిస్టన్ పోయిన గాలి’ అన్నాడు. మండే ప్రతిదాంట్లోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుంది, మండినప్పుడు అది బయటికి పోతుంది అని ఆ రోజుల్లో పెద్దలందరి నమ్మకం. 1804లో చనిపోయేదాకా ప్రీస్ట్‌లీ గారు ఆ మాట మీదే ఉన్నారు. మిమ్మల్ని పట్టుకున్నాడు, పీల్చాడు, మిమ్మల్ని మాత్రం నమ్మలేదు. మా ఊళ్ళోనూ ఇలాంటి పెద్దలున్నారులెండి. అల్లుడు తెచ్చిన పళ్ళన్నీ తిని, అల్లుడే పనికిరాడంటారు.

లవోయిజర్ గారి దగ్గర మీకు మర్యాద జరిగింది. 1789లో ఆయన మూలకాల పట్టిక వేసి, మిమ్మల్నీ నత్రజనినీ ఉదజనినీ పై బంతిలోనే కూర్చోబెట్టారు. సంతోషం. కానీ అదే బంతిలో మీ పక్క విస్తళ్ళ ముందు ఇంకెవరు కూర్చున్నారో గుర్తుందా? ఒకరు వెలుగు. ఇంకొకరు కెలోరిక్, అంటే వేడి అనే ద్రవం. ఆ కెలోరిక్ ఊరికే తిని కూర్చున్నది కూడా కాదు. గాలిలో ధ్వని వేగం న్యూటన్ లెక్కలో అసలుకంటే తక్కువొస్తుంటే, 1816లో లాప్లాస్ కెలోరిక్ సాయంతోనే ఆ లెక్క సరిచేశాడు. అంత పని చేసిపెట్టిన దాన్ని తర్వాత వడ్డన మధ్యలో లేపేశారు. ఫ్లోజిస్టన్ పోయింది, వెలుగు అలల్ని మోస్తుందనుకున్న ఈథర్ పోయింది. 1981లో లారీ లాడన్ అనే తత్వవేత్త, ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి ఆనక ‘అసలు లేవు’ అనిపించుకున్న వాటి జాబితా రాసిపెట్టాడు. మా బావమరిది ఆ జాబితాని సత్యనారాయణ వ్రతకథలా చదువుతాడు. చదివి, ‘రేపు మీ ఆక్సిజన్నీ విస్తరి ముందు నుంచి లేపరని గ్యారంటీ ఏంటండీ?’ అంటాడు.

మీ వైపు వకీళ్ళు లేకపోలేదు. 1975లో హిలరీ పుట్నం అనే తత్వవేత్త ఏమన్నాడంటే, సైన్సు చెప్పేవి ఉన్నాయనుకోకపోతే సైన్సు ఇంత బాగా పనిచేయడం వట్టి మహిమ అనుకోవాల్సిందే అన్నాడు. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అదే నా మాట అన్నాను.

మర్నాడు మందుల షాపుకి వెళ్ళాను. షాపాయన ఒక పౌడరు డబ్బా బల్ల మీద పెట్టి, ‘పోయిన పంటకి ఇది చల్లారు, పంట వచ్చింది. ఇందులో సరుకు లేకపోతే పంటెలా వచ్చిందండీ?’ అన్నాడు.

ఆయ్, ఒక్క అక్షరం తేడా లేదు. పుట్నం గారు హార్వర్డులో చెప్పిన వాదనని మా షాపాయన కిలో పన్నెండొందలకి అమ్ముతున్నాడు. దారిలో గంగానమ్మ గుడి తగిలింది. పోయిన పంటకి అమ్మవారికి కోడిని కూడా మొక్కానని అప్పుడు గుర్తొచ్చింది. పంట వచ్చింది కదా! మీరు, పౌడరు, కోడి ముగ్గురూ ఒకే రసీదు పట్టుకుని నా ముందు నిలబడ్డారు.

దీనికి మా బావమరిది ఆరాధ్యదైవం, బాస్ వాన్ ఫ్రాసెన్ అనే తత్వవేత్త, 1980లోనే జవాబు చెప్పాడట. పిల్లిని చూసి ఎలక పారిపోతుంది. ఎందుకంటే పిల్లి శత్రువని ఎలక్కి తెలుసు కాబట్టి, అనక్కర్లేదు. పారిపోని ఎలకలు ఇప్పుడు లేవు, అంతే. పనికొచ్చే సిద్ధాంతాలే మనకి కనిపించడమూ అలాంటిదే, పనికిరానివి ఎప్పుడో పోయాయి. ఇది వినగానే మా గట్టు కళ్ళ ముందు మెదిలింది. ఆ పౌడరు భేషని సాక్ష్యం చెప్పే రైతులంతా ఎవరండీ? పంట మిగిలినవాళ్ళు. అదే పౌడరు చల్లి మునిగినవాళ్ళు చెరువు లీజు వదులుకుని హైదరాబాదులో వాచ్‌మెన్లుగా ఉన్నారు. వాళ్ళని ఎవరూ అడగరు.

అసలు కిరికిరి ఇక్కడుంది. వాన్ ఫ్రాసెన్ గారు మీరు లేరని అనడు. మీరున్నారో లేదో నాకక్కర్లేదంటాడు. కంటికి కనిపించే వాటి గురించి సిద్ధాంతం సరిగ్గా చెబితే చాలు, దాన్ని వాడుకో, కనపడని సరుకుని నమ్మే బాధ్యత నీకు లేదు అంటాడు. మీటరు మూడు (లీటరు నీళ్ళకి మిల్లీగ్రాముల లెక్క) కంటే కిందకి దిగితే ఏరియేటరు వెయ్యి, రొయ్య బతుకుతుంది, సరే. ఆ మధ్యలో ఒక ఆక్సిజన్ ఉందని ఎందుకు ప్రమాణం చేస్తావ్ అని. నేనడిగాను: ‘నమ్మినా నమ్మకపోయినా బిల్లు ఒకటే కదయ్యా?’ ‘అవునండి. అందుకే నమ్మకం మానేశాను, ఒక ఖర్చు తగ్గింది’ అన్నాడు.

ఇయాన్ హ్యాకింగ్ అనే ఆయన 1983లో ఇంకో దారి చెప్పాడు. ఎలక్ట్రాన్లని ఒక గుండు మీద చల్లగలుగుతున్నాం అంటే అవి ఉన్నట్టే అన్నాడు. పుణ్యాత్ముడు రొయ్యల చెరువు చూసినట్టు లేదు. మేం చల్లనిదేముందండీ? సున్నం, బెల్లం, తవుడు పులియబెట్టిన నీళ్ళు, మినరల్సు, ప్రోబయోటిక్సు, పేరు నోరు తిరగని ఇంకో పద్నాలుగు. చల్లినవన్నీ ఉన్నట్టయితే మా చెరువులో రొయ్యకి చోటుండదు. (ఆయన చల్లడమంటే, వీటిని వాడి ఇంకోదాన్ని కదిలించడం అని బావమరిది దిద్దాడు. నా కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు.)

నన్ను నిజంగా ఊరడించింది పెరాన్ అనే ఫ్రెంచాయన. అణువులంటే ‘ఒకదాన్నైనా చూశారా?’ అని ఎర్నెస్ట్ మాక్ లాంటి ఉద్దండులు వెక్కిరించే రోజుల్లో, ఈయన ఒక కొలత సరుకులో ఎన్ని అణువులుంటాయనే ఒకే సంఖ్యని పది పైచిలుకు దారుల్లో లెక్కగట్టాడు. నీళ్ళలో నలక కదలిక నుంచి ఒకసారి, ఆకాశం నీలిరంగు నుంచి ఒకసారి, రేడియోధార్మికత నుంచి ఒకసారి. అన్నీ దాదాపు ఒకే అంకె దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. ఒకరికొకరు తెలియని నలుగురు సాక్షులు ఒకే మాట చెబితే కోర్టు కూడా వింటుంది. నేనూ మా షెడ్డులో అదే పని చేశాను. చుక్కల కిట్టు ఒకటి, అది 1888 నాటి వింక్లర్ పద్ధతి: మీరుంటే సీసాలో మడ్డి గోధుమరంగుకి తిరుగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. పొర మీటరు ఇంకొకటి, పొరలోంచి మీరు లోపలికొస్తే సన్నగా కరెంటు పుడుతుంది. పక్క చెరువు రాజుగారి దగ్గర వెలుగుతో కొలిచే మీటరుంది, దాంట్లో మీరు ఎంత ఎక్కువుంటే మెరుపు అంత తగ్గుతుంది. రసాయనం, కరెంటు, వెలుగు, ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు దారులు. మూడూ 4.6, 4.8, 4.7 అన్నాయి. పౌడరుకి ఇలాంటి మూడు సాక్ష్యాలు తెమ్మని షాపాయన్ని అడిగితే, ‘మీరు మరీ ఎక్కువ చదువుతున్నారండీ’ అన్నాడు.

గెలిచాననుకున్నాను. ఆ గెలుపే కొంప ముంచింది.

పోయిన శ్రావణంలో మూడు రోజులు మబ్బు విడవలేదు. మీ అలవాటు మీకు తెలిసిందే. పగలు ఎండుంటే ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచు, మిమ్మల్ని తయారుచేస్తుంది, రాత్రయితే ఆ ప్లాంక్టనే మిమ్మల్ని తాగేస్తుంది, తెల్లారుగట్లకి మీరు అడుగంటుతారు. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీళ్ళు గాలి నుంచి తీసుకుని నిలుపుకునేది 7.5 మిల్లీగ్రాములే. ఎండే లేకపోతే ఇక చెప్పాలా? అయినా ఆ రాత్రి మీటరు 5.1 చూపించింది. మీరున్నారని మూడు దారుల్లో రుజువు చేసినవాణ్ణి కదా, ధీమాగా నాలుగు ఏరియేటర్లు ఆపించి పడుకున్నాను. బిల్లు కలిసొస్తుందని.

మూడున్నరకి బావమరిది టార్చి వేశాడట. నీళ్ళ పైన ఎర్రగా వేల కళ్ళు. రొయ్యలు తేలాయి. మీటరు అప్పటికీ 5.1 అంటూనే ఉంది. దాని పొర చిరిగి ఎన్నాళ్ళయిందో! అతను ఆపినవన్నీ వేయించి, జనరేటరు కూడా తిప్పి, నన్ను తన్ని లేపినంత పని చేశాడు. సగం చెరువు దక్కింది. మిగతా సగాన్ని పొద్దున్నే మునివేళ్ళతో ఏరుకున్నాం.

మీరున్నారని నమ్మినవాడు నిద్రపోయాడు. మీరు లేకపోయినా ఫర్వాలేదన్నవాడు చెరువు కాపాడాడు. ఆమ్లజని గారూ, ఇది న్యాయమేనా?

గట్టు మీద ఏడుపు మొహంతో కూర్చుని అడిగాను: ‘ఆక్సిజన్ అక్కర్లేదన్నవాడివి, ఏరియేటర్లన్నీ ఎందుకు వేశావ్? అవి నీళ్ళలోకి ఏం కలుపుతున్నాయనుకున్నావ్?’ అతను చేతులు కడుక్కుంటూ, ‘చక్రం తిరిగితే రొయ్య కిందకి దిగుతుంది. నేను చూసింది అదేనండి’ అన్నాడు. తర్వాత కాసేపాగి, ‘మీరు నమ్మింది ఆక్సిజన్ని కాదు బావగారూ, మీటరుని’ అన్నాడు. మీరు వేరు, మీ గుమస్తా వేరని నాకు అప్పుడర్థమైంది. దేవుడికీ పూజారికీ తేడా తెలిసిన ఊరివాణ్ణి, ఇక్కడ ఎలా కలిపేశానో!

జాన్ వొరాల్ అనే ఆయన 1989లో ఒక మధ్యేమార్గం చెప్పాడు. సిద్ధాంతంలోని సరుకు పోవచ్చు కానీ అల్లిక మిగులుతుంది అని. వెలుగు కోసం ఫ్రెనెల్ నమ్ముకున్న ఈథర్ పోయింది, ఆయన సమీకరణాలు మాత్రం తర్వాత వచ్చిన మాక్స్‌వెల్ దగ్గర అలాగే నిలిచాయి. ఇది డెల్టావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852కి ముగించిన ఆనకట్ట పోయి బారేజీ వచ్చింది, మా చేలకి నీళ్ళు మాత్రం ఆ కాలవల దారినే వస్తున్నాయి. అయితే ఈ మధ్యేమార్గం నా చెరువుకి పనికిరాదండి. రొయ్య సమీకరణం పీల్చదు.

అందుచేత తమరికి మనవి ఏమనగా: రేపు మిమ్మల్ని పట్టికలోంచి లేపేసి ఇంకో పేరుగలాయన్ని కూర్చోబెడితే నాకేం బాధ లేదు, ఆయన రాత్రిపూట అడుగున ఉంటే చాలు. రొయ్య ఉండేది అడుగునే. మీరేమో పైపైన తిరిగే రకం. మూడింటికీ ఆరింటికీ మధ్య దయచేసి కిందకి దిగండి. నేను కొత్త పొర కొన్నాను, చుక్కల కిట్టుతో రోజూ సరిచూస్తున్నాను, టార్చిలో బ్యాటరీలు మార్చాను.

ఇట్లు,
మిమ్మల్ని నమ్మి, మీ గుమస్తాని నమ్మని
ఒక రొయ్యల రైతు

తా.క.: బావమరిది ఈ ఉత్తరం చదివి, అంతా బాగానే ఉంది గానీ ఆ ‘గారు’లు కొట్టెయ్యండి, ఉన్నారో లేరో తేలనివాళ్ళకి గౌరవం ఏంటండీ అన్నాడు. గోదావరి జిల్లాలో పుట్టి అడగాల్సిన మాటేనా అది? ఇక్కడ కుక్కని అదిలించినా ‘పోవయ్యా’ అంటాం. ‘గారు’ ఉంచేశాను. వాన్ ఫ్రాసెన్ గారికి కూడా తగిలిద్దామంటే, ఆయనకి మాత్రం వద్దులే అనుకుంటూనే ఎక్కడో ఒకట్రెండుసార్లు అనేశానట. అతనే చూపించాడు.