కొనబోయే బండి గోదారి తాగిందా?

సీటు బెల్టును మనం రోజూ ఓ మూరో, మూరన్నరో లాగి పెట్టుకుంటాం. మిగతాదంతా పక్క పిల్లర్ లోపల చుట్టుకునే ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కిందటి వేసవిలో అమలాపురంలో నాలుగు చక్రాలూ లాగే ఒక ఫోర్ బై ఫోర్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు, నాతో వచ్చిన మెకానిక్ గారు వెనక సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగారు. ముందు భాగం నల్లగా, శుభ్రంగా ఉంది. తర్వాత అడ్డంగా ఒక గీత. ఆ గీత దాటాక బెల్టంతా ఎండిన ఒండ్రు రంగు. గోటితో గీకితే సన్నటి పొడి రాలింది.

"ఆయ్, ఇది గోదారి తాగిన బండండి" అన్నారాయన గొంతు తగ్గించి.

పైకి చూస్తే ఆ బండికి వంక పెట్టడానికి లేదు. సీట్లకు కొత్త కవర్లు, డ్యాష్‌బోర్డు మీద పాలిష్, ఆర్‌సీ కాగితం పక్కా. "సింగిల్ ఓనర్ బండి సార్" అన్న మాట అప్పటికి నాలుగుసార్లు విన్నాను. నేను ఒక్కణ్నే వెళ్లి ఉంటే అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ని. నా భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అందులోనే తిరిగేవాళ్లు.

కుటుంబంతో తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి కొందామనుకునేవాళ్లు మా కోనసీమలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. అందరూ అడిగేది ఇంజిన్ ఎంత, పికప్ ఎలా ఉంది, ఫోర్ బై ఫోరా కాదా అనే. డెల్టాలో ఉన్నవాళ్లకు ఇవి తర్వాతి ప్రశ్నలని నా అభిప్రాయం. ఇన్నేళ్లూ ఆ బండి ఏ నీళ్లలో నిలబడింది, ఏ గాలిలో ఉంది అన్నదే ముందు తేలాలి. అది తేలకుండా మిగతావి ఎంత బాగున్నా ఆ బేరం వదులుకోవడమే మంచిది.

ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చు. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని సముద్రంలోకి వదలాల్సి వచ్చింది. అప్పుడు బండిని ఏటిగట్టు ఎక్కించగలిగినవాళ్లు ఎక్కించుకున్నారు, కుదరనివాళ్లు వాకిట్లోనే వదిలేసి పడవెక్కారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలా మునిగిన బండికి రిపేరు ఖర్చు మరీ ఎక్కువైతే బీమా కంపెనీ 'టోటల్ లాస్' కింద లెక్క తేల్చేస్తుంది. ఆ బండి వేలంలో చేతులు మారి, ఎక్కడో ఆరి, రంగు వేయించుకుని మళ్లీ రోడ్డెక్కవచ్చు. బాగుచేసి అమ్మడాన్ని నేను తప్పుపట్టను. మునిగిందని చెప్పకుండా అమ్మడం మాత్రం దారుణం.

ఎందుకు దారుణమో వివరంగా చెప్పాలి. పాతకాలం జీపు మునిగితే ఆయిళ్లు మార్చి, డైనమో ఆరబెట్టి నడిపేవారు. ఇప్పటి బండి నిండా వైర్లు, సెన్సర్లు, కనెక్టర్లే. వాటిలోకి దూరిన నీళ్లు ఆరిపోతాయి గానీ పచ్చటి చిలుము పట్టడం ఆగదు. ఆరు నెలలకో ఏడాదికో ఒక లైటు వెలగదు, ఇంకో రోజు బండి స్టార్టవదు. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా బండ్లలో గేర్ లివర్ దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. అంటే నీళ్లు ముందు తడిపేవాటిలో అదొకటి. పిల్లల్ని కాపాడాల్సిన పరికరమే పనిచేస్తుందో లేదో తెలియని బండిలో ఘాట్ రోడ్డు ఎక్కడం మాటలు కాదు.

దీనికి విరుగుడు ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. బెల్టులన్నీ చివరంటా లాగి చూడాలి. ఫ్లోర్ మ్యాట్ తీస్తే సరిపోదు, దాని కింద అతికించిన కార్పెట్ మూల ఎత్తి చెయ్యి పెట్టి తడమాలి. సీటు పట్టాల కింది బోల్టులు తుప్పు పట్టాయా, హెడ్‌లైట్ గాజు లోపల మరక ఉందా చూడాలి. చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్‌లోంచి ఆయిల్ ఒక చుక్క బయటకు తీయించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. చాలామంది వదిలేసేది మరొకటుంది: పాత బీమా కాగితాలు. క్లెయిమ్ లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై వరుసగా 25, 35, 45 మీదుగా 50 దాకా పెరుగుతుంది. వరద వచ్చిన ఏడాది తర్వాతి పాలసీలో అది సున్నాకు పడిపోయి ఉంటే క్లెయిమ్ దేనికి పెట్టారని నేరుగా అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఉప్పు గాలి రోజూ ఉంటుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు ఇనుప గేటు ఎంత త్వరగా రాలిపోతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బండి ఛాసిస్ కూడా ఇనుమే. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లను నేను ఇంకొంచెం అనుమానంగా చూస్తాను. ఆక్వా రైతులు బండిని నిర్లక్ష్యం చేస్తారని కాదు, చాలామంది సర్వీసు తేదీ తప్పరు. కానీ మేత బస్తాలు, ఐసు ట్రేలు వెనక వేసుకుని తిరిగిన బండిలో ఉప్పు నీరు కారి కారి వెనక నేల కింద చేరుతుంది. బయటికి ఏమీ కనబడదు. అందుకే బండిని ర్యాంపు ఎక్కించాలి. స్టెప్నీ వేలాడే చోట ఉండే అడ్డ దూలం, వెనక చక్రాల పైభాగం, బ్రేకు పైపులు, స్ప్రింగులు బిగించిన చోట్లు చూసి, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టించాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అడుగంతా తళతళలాడే నల్ల రంగు కొత్తగా వేసి ఉంటే సంతోషించకండి. ఆ రంగు కింద ఏముందో చూడనివ్వమని అడగండి.

ఇక ఫోర్ బై ఫోర్ సంగతి. మన కుటుంబాలు ఎక్కడెక్కడ తిరుగుతాయి? అంతర్వేది, యానాం, కోరంగి, అప్పనపల్లి. సెలవులొస్తే రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, ఓపికుంటే చింతూరు ఘాట్. ఇంకా దూరమైతే లంబసింగి, అరకు. 216 జాతీయ రహదారి నుంచి మారేడుమిల్లి మలుపుల దాకా ఇదంతా తారు రోడ్డే. నాలుగు చక్రాలూ లాగాల్సిన అవసరం వచ్చేది మారేడుమిల్లి వైపు గుడిసె కొండ లాంటి చోట్ల, లేదా వానకు మెత్తబడిన చేలగట్టు మీద. మన ఒండ్రు బంకమట్టి టైరు గాళ్లలో నిండిపోతే, అరిగిన టైర్లున్న ఫోర్ బై ఫోర్ చక్రాలు కూడా ఉన్నచోటే తిరుగుతాయి. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. ఏడాదికి రెండుసార్లు కొండ ఎక్కే కుటుంబానికి వెనక చక్రాలు మాత్రమే లాగే, మంచి టైర్లున్న మామూలు బండి చాలు. మిగిలిన డబ్బు బ్రేకులకు, సస్పెన్షన్‌కు పెట్టడం తెలివైన పని.

కొంతమంది వరదల కోసమే ఫోర్ బై ఫోర్ అంటారు. ఈ మాట వింటే నాకు భయమేస్తుంది. మహీంద్రా థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లగలదని కంపెనీ లెక్క. అది కింద ఏముందో తెలిసిన చోట, నిలకడ నీటిలో. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీద ఎర్రనీరు పరుగెత్తుతున్నప్పుడు ఆ లెక్క పనికిరాదు. అంచు కనబడదు, ప్రవాహం బండిని పక్కకు తేలుస్తుంది. గాలి పీల్చే గొట్టంలోంచి ఇంజిన్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పిల్లలు లోపల ఉండగా ఆ ప్రయత్నం ఎవరూ చేయకూడదు. అక్కడ పడవే దిక్కు.

అయినా ఫోర్ బై ఫోర్ కావాలనుకుంటే అది నిజంగా పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఆ లివర్ ఏళ్ల తరబడి కదలదు. బండిని ఇసుక నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ హై (మామూలు వేగానికి), ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగడానికి) రెండూ వేయించండి. దీపం వెలిగితే చాలదు, ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో బయట నిలబడి చూడండి. తర్వాత దాన్ని టూ వీల్‌కు మార్చి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే ముందు నుంచి కటకటమనే చప్పుడు రాకూడదు. ఫోర్ హై, ఫోర్ లో పరీక్ష మాత్రం పొడి తారు రోడ్డు మీద వద్దు. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండ్లలో గేర్లు బిగుసుకుపోతాయి.

మోడళ్ల గురించి నా ఇష్టాయిష్టాలు దాచుకోను. మూడు డోర్ల థార్, జిమ్నీ రెండూ నలుగురి బండ్లు, అమ్మానాన్నలతో వెళ్లే ఇంటికి చాలవు. ఎండీవర్ గట్టి బండే, కానీ ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొనేముందు మీ దగ్గరలో దాన్ని విప్పి బిగించగలిగే షెడ్డు ఏదో తెలుసుకోండి. ఫార్చ్యూనర్ ఎంత పాతదైనా రేటు దిగదు. బొలెరో, పాత స్కార్పియోల్లో వెనక ఎదురెదురుగా ఉండే పక్క సీట్లు పిల్లలకు సరదాగా ఉంటాయి, ప్రమాదంలో వాళ్లను ఆపేది మాత్రం ఏమీ ఉండదు. ముందుకు చూసే మూడో వరుస ఉన్న రకమే వెతకండి. 2019 జులై తర్వాత తయారైన కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి. పాత బండి కిందస్థాయి రకమైతే రెండూ ఉండకపోవచ్చు.

కొత్త పొగ నిబంధనల (బీఎస్ 6) డీజిల్ బండి తీసుకునేవాళ్లకు ఇంకో మాట. సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ ఊరి నుంచి చెరువు దాకా నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగిన బండిలో అది పూడుకుపోయే అవకాశం ఎక్కువ. అమ్మేవాళ్లను రోజువారీ వాడకం ఎలా ఉండేదో అడగండి.

కాగితాల్లో ఒక్క విషయమే నొక్కి చెబుతాను. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌వోసీ), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, ఆర్‌సీకి మిగిలిన కాలం కలిపి చూస్తే ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది.

చివరికి మేము రాజమండ్రిలో 2019 చివర్లో తయారైన స్కార్పియో తీసుకున్నాం. ఫోర్ బై ఫోర్ కాదు. మెకానిక్ గారు ర్యాంపు కింద గంటసేపు ఉన్నారు, బెల్టులన్నీ నేనే లాగాను. అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మను తీసుకెళ్లి ఎక్కించి చూశాం. ఫుట్‌స్టెప్ ఎత్తు అందక రెండుసార్లు వెనక్కి తగ్గింది. షెడ్డులోనే కింద ఇంకో మెట్టు బిగించారు. ఈసారి తలుపు పైన ఉన్న పిడి పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి కూర్చుంది.

మొదటి ప్రయాణం అంతర్వేదికి. దర్శనం అయ్యాక సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద బండి ఎక్కించి నరసాపురం వైపు దాటాం. రాత్రి ఇంటికొచ్చాక బండి అడుగు కడగాలంటే మా బోరు నీళ్లు పనికిరావు, అవీ ఉప్పే. పిల్లల్ని పడుకోబెట్టి, కాలవలో మోటారు వేసి, చక్రాల పైన, స్టెప్నీ వెనకాల తెల్లటి మరక పోయేదాకా నీళ్లు కొట్టాను.