పది లీటర్ల కంప్యూటర్

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ముప్ఫై బై నలభై అయిదు స్థలంలో మూడు పడగ్గదులు, పూజగది, కారు పార్కింగు, పైగా బావమరిదికి విడిగా మెట్లు కావాలని అడిగేవాళ్ళను కూడా ఎక్కడో ఒకచోట ఇమిడ్చి పంపిస్తాను. అంగుళం విషయంలో నాకు చాలా పట్టింపు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, చివర్లో చెబితే మీరు నమ్మరు.

మొన్న శుక్రవారం సైటులో మేస్త్రీని గట్టిగా తిట్టాను. మెట్లు ఎక్కుతుంటే పై బీము నా నుదుటికి తగిలింది. మనిషి కాలు పెట్టే మెట్టుకీ పైనున్న స్లాబుకీ మధ్య కనీసం ఏడడుగులైనా వదలాలి, దాన్నే హెడ్‌రూమ్ అంటాం. ఇక్కడ అయిదడుగుల తొమ్మిదంగుళాలు కూడా లేదు. "ఏం మేస్త్రీ, టేపు జేబులో పెట్టుకుని ఊరేగడానికా? కొలవడానికి కాదా?" అన్నాను. ఆయన తలగోక్కుని, "ఎత్తు డ్రాయింగులో రాయలేదు సార్" అన్నాడు. "అన్నీ నేనే రాయాలా? బుర్ర వాడవా?" అని, ఆదివారం ఇంటికొస్తే సవరించిన డ్రాయింగు ఇస్తానని చెప్పి, నుదురు రుద్దుకుంటూ వచ్చేశాను.

ఆ ఆదివారమే కొత్త కంప్యూటర్ బిగించుకోవాలని పెట్టుకున్నాను.

పాతది పదేళ్ళ నాటిది. మనం ముద్దుగా సీపీయూ అని పిలుచుకునే ఆ పెట్టె మా టేబుల్ కింద చిన్న ఫ్రిజ్జంత ఉండేది. వేసవిలో దాని వేడికి కాళ్ళు కాలేవి, చలికాలంలో పిల్లి వచ్చి పడుకునేది. త్రీడీ ఎలివేషన్ తెరిస్తే కిటికీ గీసిన అయిదు నిమిషాలకు కిటికీ కనిపించేది. ఇంకోటి కొనుక్కోమంది మా ఆవిడ, కాకపోతే పుస్తకాల అల్మరాలో ఒకే ఒక్క అర కేటాయిస్తానని షరతు పెట్టింది. అర ఎత్తు పదంగుళాలు. ల్యాప్‌టాప్ ఎందుకు కొనలేదని అడగకండి. ఆ సలహా ఇప్పటికి పదకొండు మంది ఇచ్చారు.

బెంగళూరులో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు ఉత్సాహంగా, "మామయ్యా, పది లీటర్ల క్యాబినెట్ చెబుతున్నా రాసుకో" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"పది లీటర్లా? కొనేది కంప్యూటరా, కుక్కరా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

చిన్న క్యాబినెట్ల సైజు నిజంగానే లీటర్లలో చెబుతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. నాది 37, 22, పన్నెండున్నర. అంటే పది లీటర్ల పైన ఒక గుక్కెడు.

దాంట్లో పట్టే మదర్‌బోర్డు పేరు మినీ ఐటీఎక్స్. తైవాన్‌కు చెందిన వీఐఏ కంపెనీ 2001లో తెచ్చిన కొలత. సరిగ్గా 170 మిల్లీమీటర్ల చదరం, అంటే మా ఇంట్లో టిఫిన్ ప్లేటంత కూడా లేదు. ర్యామ్‌కి రెండే గాళ్ళు, కార్డుకి ఒకటే. మామూలు బోర్డులో ఉండేవి సగం ఉండవు, ధర మాత్రం ఎక్కువ. సిటీ నడిబొడ్డున సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. లోపలి భాగాలకు కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్ పెట్టె బాగానే ఉంది కదా, అది వాడుకోనా అని అడిగితే వాడు నవ్వాడు. పాతది ఏటీఎక్స్, 86 మిల్లీమీటర్ల ఎత్తు. దీంట్లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకమే పడుతుందట, దాని ఎత్తు అరవై మూడున్నర. ఆ అర కూడా చెప్పినందుకు మేనల్లుడి మీద గౌరవం కలిగింది. మా వంశమే అనుకున్నాను.

ప్రాసెసర్ దగ్గర నేను పదహారు కోర్లది, అంటే లోపల పనిచేసే బుర్రలు పదహారు ఉన్నది, అడిగాను. "అక్కర్లేదు మామయ్యా. ఆటోక్యాడ్‌లో చాలా పనులు ఒక్క కోర్ మీదే నడుస్తాయి. రెండరింగ్ పెట్టినప్పుడే, అంటే ఇంటి బొమ్మని ఫోటోలా తయారుచేసేటప్పుడే, అన్నీ కదులుతాయి. కోర్లు తక్కువైనా స్పీడున్నది తీసుకో" అన్నాడు. నాకు వెంటనే మా వీధిలో పైపులైను పని గుర్తొచ్చింది. గుంతలో దిగి తవ్వేవాడు ఒకడు, గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు పదిహేను మంది. మన డబ్బుతో ఆ పదిహేను మందిని పోషించడం ఎందుకు?

జాబితా వాట్సాప్‌లో వచ్చింది. చివరి లైనులో ఇలా ఉంది: కూలర్, ఎత్తు 65 మి.మీ. లోపు. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాన్ని చల్లబరిచేది అన్నమాట.

శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. హైదరాబాదులో కంప్యూటర్ సామాను కొన్నవాళ్ళందరూ ఏదో ఒకరోజు ఆ సీటీసీ మెట్లెక్కినవాళ్ళే. ఒక షాపులో జాబితా ఇస్తే, కౌంటర్లో కుర్రాడు నన్నూ జాబితానూ మార్చి మార్చి చూసి, "గేమింగా అంకుల్?" అన్నాడు.

"ఇంటి ప్లాన్లు గీయడానికి బాబూ."

"అయితే లైటింగ్ ర్యామ్ తీసుకోండి, రంగులు మారుతుంటాయి."

పడమటి ఫేసింగ్ డ్యూప్లెక్సుకి రంగులు మారే ర్యామ్ ఏం చేస్తుందో నాకు తెలియలేదు. వద్దన్నాను. ప్రాసెసర్ దగ్గర వాడే ఒక మంచి మాట చెప్పాడు: అదే మోడల్, నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది తీసుకుంటే కొంచెం తగ్గుతుంది. తగ్గుతుందంటే చాలు, ఆ అక్షరం ఏమిటని మనం అడగం. గ్రాఫిక్స్ కార్డు మాత్రం జాబితాలో ఉన్నదే, ఎన్విడియా ఆర్టీఎక్స్ ఏ2000. అరటిపండంత పొడవు, 70 వాట్లే, విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు. చేతిలోకి తీసుకోగానే ముచ్చటేసింది, బిల్లు చూడగానే కుర్చీ వేయించుకున్నాను.

చివరికి కూలర్. "చిన్నది స్టాక్ లేదంకుల్. అదే రేటుకి ఇంకా పెద్దది ఇస్తా, డబుల్ చల్లగా ఉంటుంది" అని ఒక డబ్బా తెచ్చి పెట్టాడు. లోపల నాలుగు రాగి గొట్టాలు, వాటి చుట్టూ అరలరలుగా అల్యూమినియం రేకులు. చిన్న గాలిగోపురంలా ఉంది. మేనల్లుడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అదే రేటుకి పెద్దది వస్తుంటే చిన్నదే కావాలని పట్టుబట్టే మధ్యతరగతి మనిషిని నేనింతవరకూ చూడలేదు. చూడాలంటే వేరే ఇంట్లో చూడాలి. తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచాను. పాత కంప్యూటర్ విప్పేసి అందులో ఉన్న ఎస్‌ఎస్‌డీ ఊడదీశాను. ప్లాన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. ప్రాసెసర్ బోర్డులో కూర్చుంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత పెట్టాలని చదివాను గానీ, తమలపాకుకి సున్నం రాసే చెయ్యి కదా, కాస్త బాగానే పట్టించాను. గోపురం ఎక్కించి నాలుగు మరలూ బిగించేసరికి పదకొండయింది. అప్పుడే మేస్త్రీ వచ్చాడు. అయిదు నిమిషాలు ఆగితే డ్రాయింగు ఇస్తానని కుర్చీ చూపించాను. మా ఆవిడ ఆయనకి టీ ఇచ్చింది.

ఆయన టీ తాగుతూ కాసేపు చూసి, "కరెంటు పెట్టె ఆగ్నేయంలో వచ్చిందా సార్?" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ గురించి. చూస్తే నిజంగానే ఆగ్నేయంలో వచ్చింది. ఇద్దరం తృప్తిపడ్డాం.

క్యాబినెట్ పక్క మూత తీసుకుని పెట్టాను. పడలేదు. తిప్పి పెట్టాను. ఒక చివర ఆనించి రెండో చివర నొక్కాను. గోపురం సగానికి పైగా బయటికి పొడుచుకొచ్చి ఉంది, మూత దాని నెత్తిన గొడుగులా నిలబడింది.

"మూత పట్టట్లేదా? గాస్కెట్ సరిగ్గా పెట్టారా?" అంది వంటింట్లోంచి ఆవిడ.

నేనేమీ మాట్లాడలేదు. మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. నింపాదిగా జేబులోంచి టేపు తీశాడు. టక్కుమని లాగి గోపురం పక్కన నిలబెట్టాడు.

"ఆరంగుళాల ఒక నూలు సార్."

తర్వాత టేపు పెట్టె లోపల బోర్డు మీంచి అంచు దాకా పెట్టాడు.

"రెండున్నర."

నూటయాభై అయిదు మిల్లీమీటర్ల వస్తువుని అరవై అయిదులో పెట్టబోయాను. ఇంకెవరైనా చేసుంటే వాళ్ళ చేత డిప్లొమా వెనక్కి ఇప్పించేవాణ్ణి. ఆయన టేపు వదిలితే అది సర్రుమని లోపలికి పోయింది. నావైపు చూడకుండా, "హెడ్‌రూమ్ చాల్లేదు" అని, మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. ఇంకేమీ అనలేదు. ఏదో ఒకటి అనేస్తే బాగుండేది.

ఆ నిశ్శబ్దంలో మేనల్లుడు ఫోన్ చేశాడు. సంగతి విని, "ప్రాసెసర్ డబ్బాలో చూడు మామయ్యా, కంపెనీవాడిచ్చే కూలర్ ఒకటి ఉండాలి" అన్నాడు. నేను ప్రాసెసర్ తీసుకుని డబ్బా పక్కన పడేశాను. మేస్త్రీ దాన్ని అందుకుని ఊపి చూశాడు, గడగడలాడింది. లోపల గుండ్రటి చిన్న ఫ్యాను, రెండంగుళాల ఎత్తు కూడా లేదు. పైసా ఖర్చు లేకుండా వచ్చినది. గోపురం దింపి, పాత బనియన్ ముక్కతో సున్నమంతా తుడిచి, ఫ్యాను పెట్టి నాలుగు కాళ్ళూ టక్ టక్‌మని నొక్కాను. మూత పట్టింది. "డ్రాయింగుకి అది చాలు, రెండరింగ్ పెడితే మాత్రం రొద చేస్తుంది" అన్నాడు మేనల్లుడు.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. మానిటర్ వైరు పెడదామని కార్డు వెనక చూస్తే, నాలుగు చిన్న చిన్న కంతలున్నాయి. మినీ డిస్‌ప్లేపోర్టులట. మా మానిటర్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ. కన్వర్టర్ కొనాలి, షాపు ఆదివారం మూత. పోనీ మదర్‌బోర్డుకే హెచ్‌డీఎంఐ ఉంది కదా అని దాంట్లో గుచ్చాను. తెర నల్లగానే ఉంది. వైరు తీసి మళ్ళీ పెట్టాను. మానిటర్‌ని ఒకటి కొట్టాను.

"ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉందా?" అన్నాడు మేనల్లుడు.

"ఉంది. దానివల్లే తగ్గింది."

"దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు మామయ్యా. ఎఫ్ అంటే అదే. బోర్డుకి ఉన్న ఆ కంత నీకు అలంకారం."

పన్నెండున్నరయింది. పాత కంప్యూటర్ దుప్పటి మీద ముక్కలుగా ఉంది, కొత్తది ప్రాణంతోనే ఉన్నా మొహం చూపించట్లేదు. సోమవారం పొద్దున్నే మెట్లు పగలగొట్టి మళ్ళీ పోయాలి, కూలీలను పిలిచేశానన్నాడు మేస్త్రీ. ఇక దారి లేక మా అమ్మాయి జామెట్రీ బాక్స్ తెప్పించి, గోపురం వచ్చిన అట్టపెట్టె చింపి, దాని వెనక పెన్సిల్‌తో మెట్లు గీశాను. ఒకటికి యాభై స్కేలు. పదడుగుల ఎత్తుకి ఇరవై మెట్లు, ఒక్కొక్కటి ఆరంగుళాలు, తొక్కుడు పదంగుళాలు, వెడల్పు మూడడుగులు, మధ్యలో ల్యాండింగు. చెయ్యి కాస్త వణికింది గానీ, గీతలు బాగానే వచ్చాయి. కింద తారీఖు వేసి సంతకం పెట్టాను.

మేస్త్రీ అట్టని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. చెవి మీదున్న పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు.

"హెడ్‌రూమ్ రాయలేదు సార్."