బోర్డు పోయిందంట! మీటరు పెట్టి చూశావా అబ్బయ్యా?

నెల్లూరులో ఒక సర్వీసు షాపు ఇందాకే తీర్పు చెప్పేసింది: “బోర్డు పోయిందన్నా, స్క్రాప్‌కి వేసేసి కొత్త సిస్టమ్ తీసుకోండి.” పెంటియం త్రీ ప్రాసెసరు కూర్చునే పాత కంప్యూటరు మదర్‌బోర్డు అది, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్‌ది. పవర్ బటన్ నొక్కాడు, ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దాడు, అంతే. మల్టీమీటరు ముట్టుకుంటే షాక్ కొడతాదేమో పాపం.

ముందు బోర్డుని కేబినెట్‌లోంచి తీసి చెక్క మీద పెట్టాల. స్టాండాఫ్ (బోర్డుని కేబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు) ఒకటి ఎక్కువై కింద షార్ట్ అవుతున్నా బోర్డు చచ్చినట్టే కనపడతాది. ప్రాసెసరు, దాని ఫ్యాను, స్పీకరు తప్ప ఏదీ ఉండకూడదు, ర్యామ్ కూడా. ఆన్ చేస్తే బీప్ కొట్టిందా? అయితే ప్రాసెసరు బతికుండాది, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాము) నడుస్తుండాది. ఇంక పోయిందనే మాటెక్కడిది?

బీప్ లేకపోతే అప్పుడు మీటరు. లోడ్ మీదే, అంటే బోర్డు తగిలించి ఆన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) వైర్లు కొలవాల: ఎర్ర వైరు 4.75 నుంచి 5.25, పసుపు 11.4 నుంచి 12.6, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టులు. అవి సరిగ్గా ఉంటే పోస్ట్ కార్డు (బోర్డు ఎక్కడ ఆగిందో కోడు నంబరు చూపించే కార్డు) గుచ్చాల. అవార్డ్ బయోస్ సీ1 దగ్గర ఆగితే ర్యామ్ గొడవ. 00 మీదో ఎఫ్‌ఎఫ్ మీదో కదలకుండా కూర్చుంటే ప్రాసెసరు కోడే నడపట్లేదు, కోర్ వోల్టేజీ (ప్రాసెసరుకి అందే వోల్టేజీ), రీసెట్ సిగ్నల్, బయోస్ చిప్ చూసుకోవాల.

కోర్ వోల్టేజీ ఊగుతుంటే ప్రాసెసరు చుట్టూ ఉండే కెపాసిటర్లు చూడు. ఆ కాలం బోర్డులకి ప్రపంచమంతా పట్టిన జబ్బే ఇది: నాసిరకం ఎలక్ట్రోలైట్, తల ఉబ్బడం, అడుగున గోధుమరంగు కారడం. తల చదునుగా ఉన్నా లోపల ఎండిపోయి ఉండొచ్చు. మార్చడం తెలిసినోళ్లు మాత్రం ఏం చేస్తుండారు? టీవీ రిపేరు డబ్బాలో దొరికింది పెట్టేస్తుండారు! 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్‌లు ఉన్నచోట అంతే ఉంటే చాలదయ్యా. 105 డిగ్రీల రకం, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువది) కావాల. మామూలుది అక్కడ ఊగే రిపుల్ కరెంటుకి వేడెక్కి మళ్లీ ఉబ్బుతాది. బోర్డు లోపలి గ్రౌండ్ రాగి పొర వేడి మొత్తం లాగేసుకుంటాది కాబట్టి 25 వాట్ల ఐరన్‌తో కుస్తీ పట్టొద్దు. 60 వాట్లది తీసుకుని, సీసం కలిసిన కొత్త సోల్డరు కొంచెం తగిలించి, ఒక కాలు తర్వాత ఒకటి వదిలించాల. బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి ఊడొస్తాది, అప్పుడు నిజంగానే బోర్డు పోతాది. మైనస్ గుర్తు కొన్ని బోర్డుల మీద తిరగేసి ముద్రించి ఉంటారు, పీకకముందే ఫోటో తీసుకోండి.

సరే, బోర్డు నిజంగానే పోయింది, మార్చాలనుకుందాం. మద్రాసు రిచీ స్ట్రీట్ దాకా పోయినా “పెంటియం త్రీ బోర్డే కదా సార్” అని 815 చిప్‌సెట్ బోర్డు చేతిలో పెడతారు. మంచి బోర్డే, కాదనను. కానీ చాలావాటిలో ఐసా స్లాటు (పాత రకం కార్డులు గుచ్చేది) ఉండదు, ర్యామ్ 512 ఎంబీ దాటదు. డాస్ గేముల కోసం ఐసా సౌండ్ బ్లాస్టర్ కార్డు పెట్టుకున్నోడు దాన్ని యాడ గుచ్చాల, గోడకా? 440బీఎక్స్‌కే దొరికినా 256 ఎంబీ ర్యామ్ 16 చిప్‌లది అడగండి. 8 చిప్‌లది సగమే చూపిస్తాది, లేదంటే అసలు చూపించదు. విండోస్ 98 డిస్కు అదే వాడేటట్టయితే పాత బోర్డు పీకకముందే రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద ఈనమ్ కీ (పాత హార్డ్‌వేర్ జాబితా) తీసెయ్యాల, లేకపోతే పాత డ్రైవర్లు కొత్త బోర్డు మీద పడి ఏడిపిస్తాయి.

అసలు ఇన్ని బోర్డులు చచ్చింది ఎవరి పుణ్యం? అసెంబుల్డ్ సిస్టమ్ అమ్మిన రోజుల్లో ఎస్‌ఎంపీఎస్ మీద “450 వాట్స్” అని స్టిక్కరు వేసిన మహానుభావులదే. డబ్బా విప్పితే ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట వైరు ముక్క! రోహిణీ కార్తె ఎండలో, వచ్చిపోయే కరెంటులో, ఆ రేకు డబ్బాని నమ్మి ఎన్ని ఇళ్లలో ఎన్ని బోర్డులు బలయ్యాయో. ఇప్పటోళ్లు ఇంకో రకం. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో బలమంతా 12 వోల్టుల మీదే, పెంటియం త్రీ, ఏఎండీ వాళ్ల చాలా అథ్లాన్ ఎక్స్‌పీ బోర్డులేమో ప్రాసెసరుకి 5 వోల్టుల నుంచే లాగుతాయి. వాట్లు చూడొద్దు, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు మీద 5 వోల్టుల పక్కన 25, 30 ఆంపియర్లు ఉండాయా అని చూడాల. ఆ మాట కౌంటర్లో అడిగి చూడండి. “ఆంపియర్లు తెలీదన్నా, ఇదైతే ఫ్యాన్లో లైట్లు వెలుగుతాయి” అంటాడు.