నడుము మీద చెయ్యి పెడితే భానుమతి అయిపోదు

మొన్న సంక్రాంతికి మన సంఘంలో పిల్లలచేత పాతతరం నటీమణుల వేషాలు వేయించాం. భానుమతి వేషం వేసిన తొమ్మిదేళ్ల పాపకు జుట్టంతా తెల్లరంగు పూసి, నడుము మీద చెయ్యి పెట్టించి, ‘కోడలిని తిట్టు తల్లీ’ అన్నారు. పాప జంకు లేకుండా తిట్టింది. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మనసు చివుక్కుమంది.

మాది ఒంగోలు. భానుమతి పుట్టిన దొడ్డవరం అక్కడికి దగ్గరే. ఆమెకు పద్మశ్రీ వచ్చి ఎన్నేళ్లయినా మా నాయనమ్మకు ఆమె ‘మన దొడ్డవరం పిల్ల’ మాత్రమే. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ చూపించడానికి నాయనమ్మను రిక్షాలో తీసుకెళ్లాం. మంగమ్మ నోరు విప్పినప్పుడల్లా చుట్టూ ఆడవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నాయనమ్మ మాత్రం సూర్యనారాయణుడి పాట వచ్చేదాకా పెదవి కదపలేదు. అప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, ‘జుట్టు నెరిసింది గానీ గొంతులో పొగరు తగ్గలేదురా’ అంది, మురిపెంగా.

ఆ ‘పొగరు’ అనే మాటను మనం నాయనమ్మ అన్నట్టు అనం. 1939లో ‘వరవిక్రయం’లో కాళిందిగా తెరకెక్కేనాటికి ఆమెది ఇంకా పరికిణీల వయసే. కట్నం బాధకు ప్రాణం తీసుకునే పిల్ల పాత్ర అది. ఆరేళ్లు తిరిగేసరికి ‘స్వర్గసీమ’లో పచ్చని కాపురంలో చిచ్చుపెట్టే సుజాత అయింది. ‘ఓహో పావురమా’ అని తన పాట తానే పాడుకుంది. తారలకు వేరేవాళ్ల గొంతు అతికించడం మామూలైపోయాక కూడా ఆమె తన గొంతును ఎవరికీ అప్పగించలేదు. భర్త రామకృష్ణారావుతో కలిసి కొడుకు భరణి పేరిట చిత్రసంస్థ, స్టూడియో పెట్టింది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తీసింది. దర్శకత్వం తనదే, అందులో రెండు పాత్రలూ తనవే.

‘మిస్సమ్మ’ సంగతి ఎత్తకుండా మన విందుల్లో ఆమె ప్రస్తావన ముగియదు. మేరీగా మొదట భానుమతినే తీసుకున్నారు. నిర్మాతతో మాటపట్టింపు వచ్చి ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. (సావిత్రి మేరీని నేను ఏటా ఒకసారి చూస్తాను, అది వేరే సంగతి.) పొగరుకు తగిన శాస్తి అన్నట్టు చెప్పుకుంటాం. 1954లోనే ఆమె సొంత సంస్థ నుంచి ‘విప్రనారాయణ’, ‘చక్రపాణి’ వచ్చాయి. వేషం పోయిందని ఎవరి గడపా తొక్కనక్కర్లేని మనిషికి అదేం శాస్తి?

నా ఫిర్యాదు మన సినిమా మీదే. ఆమె నోటిని తీసుకుంది, బొడ్లోని తాళంచెవులను వదిలేసింది. మాటకు మాట చెప్పే హక్కును బామ్మలకూ గయ్యాళి అత్తలకూ ఇచ్చి, పడుచు నాయికకు ఎరువు గొంతు తగిలించింది. ఆడది గట్టిగా మాట్లాడాలంటే జుట్టు నెరవాలన్నమాట! మనమూ ఆ తెల్లరంగే ఇక్కడిదాకా మోసుకొచ్చి పాప తలకు పూశాం.

పాప వాళ్లమ్మకు ‘అత్తగారి కథలు’ ఇచ్చాను. భానుమతి రాసిందే. నిన్న రాత్రి ఫోను చేసింది.

‘అన్నయ్యగారూ, ఇందులో ఈవిడ కోడలు కదండీ!’